పథ్యంలో చేరిన మీల్ మేకర్



మన కృష్ణా జిల్లాలో పథ్యం లేని జబ్బు లేదు. బాలింతకు పథ్యం, పచ్చకామెర్లకు పథ్యం, పన్ను పీకించుకొచ్చినా ఏదో ఒక పథ్యం. కత్తి పడిన ఒంటి సంగతి ఇంక చెప్పక్కర్లేదు. వంకాయ పెడితే దురద, గోంగూర పెడితే చీము, శనగపిండి పెడితే వాతం అంటూ ఇంట్లో పెద్దావిడ జాబితా చదివేస్తుంది. విజయవాడ సూర్యారావుపేటలో ఏ క్యాన్సర్ డాక్టరు గది బయట కూర్చున్నా ఈ మాటలే చెవిన పడతాయి. గుడివాడ నుంచి, అవనిగడ్డ నుంచి పొద్దున్నే బస్సెక్కి వచ్చినవాళ్లు, మందుల చీటీ చేతికొచ్చి గుమ్మం దాకా వెళ్లాక వెనక్కి తిరిగి, "డాక్టరు గారూ, పథ్యం ఏమన్నా ఉందాండీ?" అని అడుగుతారు.

ఆ జాబితాలోకి ఈ మధ్య ఒక కొత్త సరుకు చేరింది. మీల్ మేకర్. రొమ్ము క్యాన్సర్ వచ్చినావిడ మీల్ మేకర్ ముట్టుకోకూడదట, సోయా పాలు తాగకూడదట, అందులో ఆడ హార్మోను ఉందట. ఇంకొందరు మరో అడుగు ముందుకేసి, ఎదిగే ఆడపిల్లలకు పెడితే పెద్దయ్యాక వాళ్లకూ గడ్డలొస్తాయని చెబుతున్నారు. ఇంకోవైపు కాలిఫోర్నియాలో ఉన్న కూతురు ఫోన్ చేసి, "అమ్మా, పాలు, పనీరు మానేసి టోఫు, అదే సోయా పనీరు, తిను, క్యాన్సర్ రాదు" అంటుంది. ఒకే గింజ మీద ఇన్ని మాటలు. వినేవాళ్లు ఏం కావాలి?

చివరిదాకా దాచిపెట్టి చెప్పే ఓపిక నాకు లేదు, కాబట్టి ముందే చెప్పేస్తాను. కూరలో వేసుకునే సోయా రొమ్ము క్యాన్సర్ తెప్పిస్తుందనడానికి మనుషుల మీద జరిగిన పరిశీలనల్లో ఆధారం లేదు. జబ్బు వచ్చి తగ్గినవాళ్లకు తిరగబెడుతుందనడానికీ లేదు. మందుల షాపులో సీసాల్లో అమ్మే సోయా మాత్రం వేరే సంగతి. దాని దగ్గరికి తర్వాత వస్తాను.

సోయా మన డెల్టా పంట కాదు. మన మాగాణుల్లో వరి కోతకు రెండు మూడు రోజుల ముందు, నేలలో ఇంకా పదును ఉండగానే, నిలబడ్డ చేలోనే మినుములు చల్లుతారు. వరి కోసుకెళ్లాక మోళ్ల మధ్యనుంచి మినుము లేస్తుంది. పప్పంటే మనకు ఆ మినుమూ, పెసరా, కందీ. సోయా చిక్కుడు నిజామాబాద్, ఆదిలాబాద్ నల్లరేగళ్లలో పండుతుంది, ఇంకా పైకి పోతే మహారాష్ట్రలో, మధ్యప్రదేశ్‌లో. ఆ గింజలోంచి నూనె తీసేస్తారు. మిగిలినదాన్ని పిండి చేసి, తడిపి, వేడి మీద గట్టి ఒత్తిడితో యంత్రంలోంచి బయటికి తోస్తే ఉబ్బి ఉండలవుతుంది. అదే మీల్ మేకర్. తూకంలో సగం మాంసకృత్తులే. అందుకే మన జూనియర్ కాలేజీ హాస్టళ్లలో అది వారం వారం ప్రత్యక్షమవుతుంది, పిల్లలు ఎంత విసుక్కున్నా సరే. కార్తీక మాసం వచ్చిందంటే మాంసం మానేసిన ఇళ్లలో పలావులోకీ అదే.

ఇప్పుడు గొడవంతా ఆ గింజలో ఉండే ఐసోఫ్లేవోన్లు అనే పదార్థాల గురించి. జెనిస్టీన్, డైడ్‌జీన్ అని అందులో ముఖ్యమైనవి రెండు. గుప్పెడు ఎండు మీల్ మేకర్‌లో ఇవి ముప్పై మిల్లీగ్రాముల చుట్టుపక్కల ఉంటాయి. మన కందిపప్పులో, మినపప్పులో ఉన్నా లెక్కలోకి రానంత తక్కువ. సోయా నూనెలో దాదాపు ఉండవు, ఎందుకంటే అవి నూనెతో రావు, పిండితోనే ఉండిపోతాయి. నూడుల్స్‌లో చల్లే సోయా సాస్‌లోనూ అంతంత మాత్రమే. సోయా నూనె ప్యాకెట్ చూసి భయపడి పక్కన పెట్టేవాళ్లు నాకు తెలుసు. వాళ్ల భయం అసలు పదార్థం లేని చోట పడుతోంది.

అయితే ఈ భయం ఊరికే గాలిలోంచి పుట్టలేదు. 1896లో గ్లాస్గో నగరంలో బీట్సన్ అనే సర్జన్ ఒక సంగతి ప్రకటించాడు. రొమ్ము క్యాన్సర్ ముదిరిపోయిన ఒకామెకు అండాశయాలు తీసేస్తే రొమ్ములో గడ్డ కరిగిపోయింది. ఎక్కడో పొత్తికడుపులో ఉన్న అవయవానికీ రొమ్ములోని గడ్డకీ ఏం సంబంధం? అండాశయం నుంచి రక్తంలోకి వచ్చే ఈస్ట్రోజెన్ ఆ గడ్డను పోషిస్తోందని తర్వాత్తర్వాత తేలింది. ఈనాడు రొమ్ము క్యాన్సర్లలో సగానికి పైగా ఈస్ట్రోజెన్ మీద ఆధారపడి పెరిగేవే. ముక్క పరీక్ష రిపోర్టులో ఈఆర్ పాజిటివ్ అని రాసేది వాటినే.

ఇది ఒక కొస. రెండో కొస ఆస్ట్రేలియాలో ఉంది. అక్కడ పడమటి ప్రాంతంలో ఒకరకం క్లోవర్ గడ్డి మేసిన గొర్రెలకు చూళ్లు నిలవడం లేదని 1946లో పశువైద్యులు రాశారు. ఆ గడ్డిలో ఈస్ట్రోజెన్‌లాగా పనిచేసే పదార్థాలు ఉన్నాయి. సోయాలో ఉన్నవీ ఆ కుటుంబానివే. గొర్రెకు రోజంతా ఆ గడ్డే తిండి అన్నది మాత్రం మర్చిపోకూడదు.

ఇక మూడోది, అసలు భయాన్ని ఇంటింటికీ చేర్చింది, ఎలుకలు. 1990ల చివర అమెరికాలో ఇల్లినాయ్ విశ్వవిద్యాలయం పరిశోధకులు, రోగనిరోధక శక్తి లేని చిట్టెలుకలకు అండాశయాలు తీసేసి, మనిషి రొమ్ము క్యాన్సర్ కణాలను వాటిలో నాటి, జెనిస్టీన్ తినిపించారు. గడ్డలు పెరిగాయి. తర్వాత ఇంకో ప్రయోగంలో, రొమ్ము క్యాన్సర్‌కు ఇచ్చే టామాక్సిఫెన్ మందు చేసే మేలును జెనిస్టీన్ చెడగొట్టింది. ఈ వార్తలే పేపర్ల నుంచి వాట్సాప్‌కు, అక్కణ్ణించి ఆస్పత్రి వరండాలోకి వచ్చాయి. దారిలో "చిట్టెలుకలు" అన్న మాట రాలిపోయింది.

అదే పరిశోధకుల బృందం 2004లో ఇంకొకటి ప్రచురించింది. అది మాత్రం వాట్సాప్ ఎక్కలేదు. అదే రకం చిట్టెలుకలకు, జెనిస్టీన్ పాలు సమానంగా ఉండేట్టు చూసి, కొన్నిటికి మామూలు సోయా పిండి, కొన్నిటికి శుద్ధి చేసి తీసిన జెనిస్టీన్ పెట్టారు. శుద్ధి చేసినకొద్దీ గడ్డ ఎక్కువ పెరిగింది. మామూలు పిండి తిన్నవాటిలో పెరగలేదు. గింజగా తినడం వేరు, అందులోని ఒక్క పదార్థాన్ని పిండి తీసి మింగడం వేరు అన్నది చిట్టెలుకలే చెప్పాయి. పైగా చిట్టెలుక ఒళ్లు జెనిస్టీన్‌ను మనలాగా సర్దుకోదు. మన పేగులూ కాలేయమూ దాన్ని మరో పదార్థంతో కట్టిపడేసి, పనిచేయని రూపంలో రక్తంలోకి వదులుతాయి. చిట్టెలుక రక్తంలో అది చాలా ఎక్కువ పాలు విడిగా తిరుగుతుంది.

ఇంతకీ ఈ మొక్కల ఈస్ట్రోజెన్ ఒంట్లో ఏం చేస్తుంది? పెళ్లి భోజనాల పంక్తి ఊహించుకోండి. రొమ్ము కణం ఒక పంక్తి. ఆకులు వేసి ఉన్నాయి. మన ఒంటి ఈస్ట్రోజెన్ ఆకలి మీద వచ్చిన బంధువు. కూర్చున్నాడంటే నాలుగు మార్లు వడ్డించాల్సిందే, వంటశాలంతా కదలాల్సిందే. సోయాలోది చూపులకు ఆ బంధువులాగే ఉండే పొరుగాయన. ఆకు ముందు కూర్చుంటాడు, నాలుగు మెతుకులు కెలుకుతాడు, ఎంతకీ లేవడు. ఆయన కూర్చున్నంతసేపూ ఆ ఆకు దగ్గర అసలు బంధువుకు చోటు లేదు. బంధువులు కిక్కిరిసి ఉన్న వయసులో, అంటే నెలసరి వస్తున్న రోజుల్లో, పొరుగాయన వల్ల తిండి ఖర్చు తగ్గుతుంది. మరి బంధువులు ఎవరూ రాని రోజున? నెలసరి ఆగిపోయాక? అప్పుడు ఆ నాలుగు మెతుకులూ లెక్కలోకి వస్తాయేమో కదా, అని అడిగినవాళ్ల అనుమానం తెలివితక్కువది కాదు. అండాశయాలు తీసేసిన చిట్టెలుకల్లో చూసింది సరిగ్గా అదే. అందుకే ఈ ప్రశ్నకు ఊహతో కాదు, ఆడవాళ్లను ఏళ్ల తరబడి గమనించి జవాబు తేవాల్సి వచ్చింది.

ఇంకొకటి కూడా ఉంది. పంక్తులు రెండు రకాలు. ఈస్ట్రోజెన్ కూర్చునే గ్రాహకాల్లో ఆల్ఫా అని ఒకటి, బీటా అని ఒకటి. కణాన్ని పెరుగు పెరుగు అని తరిమేది ఎక్కువగా ఆల్ఫా. బీటా చాలా చోట్ల దానికి కళ్లెం వేస్తుంది. సోయావి మొగ్గేది బీటా వైపు.

రూపం కలిసినంత మాత్రాన పని కలవదని చెప్పడానికి మన పక్క డెల్టాలోనే ఒక మహానుభావుడున్నాడు. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు. అమెరికాలో లెడర్లీ ప్రయోగశాలలో ఆయన బృందం ఫోలిక్ ఆమ్లాన్ని తయారుచేసింది. దానికి అచ్చుగుద్దినట్టుండే మరో పదార్థాన్నీ తయారుచేసింది. ఫోలిక్ ఆమ్లం కణం పెరగడానికి కావాలి. దాన్ని పోలిన ఈ రెండోది ఫోలిక్ ఆమ్లం చేరాల్సిన చోట చేరి పని ఆపేస్తుంది. 1947లో బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ రక్త క్యాన్సర్ పిల్లలకు ఇచ్చి చూసింది ఈ కోవ మందునే. ఆ బృందం నుంచే వచ్చిన మెథోట్రెక్సేట్‌ను తర్వాత రొమ్ము క్యాన్సర్‌కూ ఏళ్ల తరబడి వాడారు. ఇప్పుడు ఈఆర్ పాజిటివ్ వచ్చినవాళ్లు అయిదేళ్లు, పదేళ్లు రోజూ మింగే టామాక్సిఫెన్ కూడా అంతే. రొమ్ములో ఈస్ట్రోజెన్ చోటును ఆక్రమించి దాన్ని ఆపుతుంది, అదే మాత్ర నెలసరి ఆగినవాళ్ల ఎముకలో మాత్రం ఈస్ట్రోజెన్‌లాగే పనిచేసి ఎముకను కాపాడుతుంది. ఒకే మాత్రకు ఒక చోట ఒక పని, ఇంకో చోట ఇంకో పని. అందుకని "ఈస్ట్రోజెన్ లాంటిది" అన్న ఒక్క మాట మీద ఏ పదార్థానికీ శిక్ష వేయలేం.

ఇక ఆడవాళ్లను గమనించి తెచ్చిన జవాబు దగ్గరికి వద్దాం. చైనాలోని షాంఘై నగరంలో 73 వేల మందికి పైగా ఆడవాళ్లను ఏళ్ల తరబడి గమనించారు. చిన్నప్పటి నుంచి సోయా ఎక్కువ తిన్నవాళ్లలో, నెలసరి ఆగకముందు వచ్చే రొమ్ము క్యాన్సర్ చాలా తక్కువగా కనిపించింది. 2009లో అది ప్రచురించారు. అదే ఏడాది డిసెంబరులో ఇంకో పెద్ద ఫలితం వచ్చింది. ఇది ఆరోగ్యంగా ఉన్నవాళ్ల మీద కాదు, అప్పటికే రొమ్ము క్యాన్సర్ వచ్చి చికిత్స చేయించుకున్న 5,042 మంది మీద. వీళ్లలో సోయా అందరికన్నా ఎక్కువ తిన్న పావు వంతు మందిని, అందరికన్నా తక్కువ తిన్న పావు వంతుతో పోల్చారు. ఎక్కువ తిన్నవాళ్లలో చనిపోయే అవకాశం 29 శాతం, జబ్బు తిరగబెట్టే అవకాశం 32 శాతం తక్కువ. గడ్డ ఈఆర్ పాజిటివ్ అయినా కాకపోయినా, టామాక్సిఫెన్ వాడుతున్నా వాడకపోయినా ఫలితం అదే దిక్కు చూపింది. ఆ మేలు రోజుకు 11 గ్రాముల సోయా మాంసకృత్తుల దాకా పెరిగి, అక్కడ ఆగిపోయింది. మన వంటింటి లెక్కలో చెప్పాలంటే 22 గ్రాముల ఎండు మీల్ మేకర్, గుప్పెడు. 2012లో అమెరికా, చైనా ఆడవాళ్లవి కలిపి 9,514 మంది లెక్కలు చూసినప్పుడూ సోయా తిన్నవాళ్లలో జబ్బు తిరగబెట్టడం తక్కువగానే కనిపించింది.

ఇది విని రేపటి నుంచి మూడు పూటలా మీల్ మేకర్ పెట్టేస్తారేమోనని నాకు ఇంకో భయం. ఆగండి. షాంఘై ఆవిడ చంటిపిల్లగా ఉన్నప్పటి నుంచీ టోఫు తింటోంది. చేపా, ఆకుకూరా కూడా తింటోంది, సైకిల్ తొక్కుతోంది. సోయా ఎక్కువ తినేవాళ్లు మిగతా విషయాల్లోనూ జాగ్రత్తపరులై ఉండవచ్చు. ఇలాంటి పరిశీలనలు ఎంత జాగ్రత్తగా చేసినా ఈ చిక్కు పూర్తిగా విడదు. సోయా తక్కువ తినే పడమటి దేశాల ఆరోగ్యవంతుల లెక్కల్లో సోయాకూ రొమ్ము క్యాన్సర్‌కూ అటూ ఇటూ ఏ సంబంధమూ కనిపించలేదు. కాబట్టి సోయా క్యాన్సర్‌కు మందు అని నేను చెప్పను. విషం మాత్రం కాదు అని ధైర్యంగా చెబుతాను. అమెరికన్ క్యాన్సర్ సొసైటీ చెప్పేదీ ఇదే: ఆహారంగా సోయా తినడానికి భయపడక్కర్లేదని.

మన దేశంలో 2020లో వచ్చిన జాతీయ క్యాన్సర్ రిజిస్ట్రీ నివేదికలో రొమ్ము క్యాన్సర్ రేటు అన్ని చోట్లకన్నా ఎక్కువ నమోదైంది హైదరాబాద్ జిల్లాలో. వయసు తేడాలు సరిచేశాక ఏడాదికి లక్ష మంది ఆడవాళ్లలో 48 మందికి. హైదరాబాద్ వాళ్లు తెల్లవారి లేచి టోఫు తింటారని ఎవరూ అనరు కదా.

ఆ మాటకొస్తే, మొక్కల ఈస్ట్రోజెన్ అనేది సోయాతోనే మన గడపలోకి వచ్చిందనుకోవడం కూడా పొరపాటే. లిగ్నాన్లు అని ఇంకో జాతి పదార్థాలున్నాయి. అవిసె గింజల్లో అన్నిటికన్నా ఎక్కువ, ఆ తర్వాత వరసలో నువ్వులు. పేగుల్లోని సూక్ష్మజీవులు వాటిని మార్చి, ఈస్ట్రోజెన్‌లాగా పలచగా పనిచేసే పదార్థాలుగా చేస్తాయి. మన వైపు పిల్ల పెద్దమనిషి కాగానే ఏం పెడతాం? చాప మీద కూర్చోబెట్టి, రోట్లో నువ్వులూ బెల్లమూ దంచి చిమ్మిలి పెడతాం. మేనత్తలూ పిన్నులూ పోటీలు పడి చేసి పట్టుకొస్తారు. తరతరాలుగా, సరిగ్గా రొమ్ము పెరిగే వయసులో, మొక్కల ఈస్ట్రోజెన్ ఉన్న గింజను ముద్దలు ముద్దలుగా పెడుతున్నాం. దానివల్ల పిల్లకు గడ్డలొస్తాయని ఏ మేనత్తా భయపడలేదు, భయపడాల్సిన పనీ లేదు. మీల్ మేకర్ దగ్గరే ఎందుకు ఉలిక్కిపడుతున్నామంటే, అది ప్యాకెట్‌లో వచ్చింది కాబట్టి, కొత్తది కాబట్టి అని నా అనుమానం.

ఇప్పుడు సీసాల సంగతి. ఇది మన ఆంధ్రా ఆడవాళ్లు ప్రత్యేకంగా వినాల్సిన సంగతి.

2015-16లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశం మొత్తం మీద నూటికి ముగ్గురు. ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు తొమ్మిది మంది. దేశంలో మనదే పైచేయి. గొప్ప చెప్పుకోదగ్గ పైచేయి కాదు. తర్వాతి సర్వేలోనూ పెద్ద మార్పు లేదు. తెల్లబట్ట అవుతోందనీ, నడుం నొప్పనీ, ఉంచితే క్యాన్సరుగా మారుతుందనీ చెప్పగానే, పిల్లలు పుట్టేశారు కదా ఇంకెందుకులే అని ముప్పయి అయిదేళ్లకే తీయించేసుకున్నవాళ్లు మన ఊళ్లలో వీధికి ఒకరుంటారు. పొలం పనికి వెళ్లే ఆడవాళ్లలో మరీ. చాలామందికి సంచితోపాటు అండాశయాలు కూడా తీశారో లేదో తెలియదు. కాగితం మీద ఉంటుంది, ఎవరూ చదివి చెప్పరు. అండాశయాలు కూడా పోతే ఆ మర్నాటి నుంచే ముట్లుడిగిన వయసు మొదలైనట్టు. ఒంట్లోంచి ఆవిర్లు, రాత్రిళ్లు చెమటలు, నిద్ర పట్టకపోవడం, చిరాకు, ఎముకలు గుల్లబారడం. యాభైకి దగ్గరపడ్డాక రావాల్సినవి ముప్పయి అయిదో ఏటే వస్తాయి.

ఈ ఆవిర్లకు పూర్వం విరివిగా హార్మోను మాత్రలు ఇచ్చేవాళ్లు. 2002 జులైలో అమెరికాలో ఒక పెద్ద పరీక్షను మధ్యలోనే ఆపేశారు. 16,608 మంది ఆడవాళ్ల మీద జరుగుతున్న పరీక్ష అది. ఈస్ట్రోజెన్, ప్రొజెస్టిన్ కలిపి మింగినవాళ్లలో రొమ్ము క్యాన్సర్ ఎక్కువవుతోందని తేలింది. ఆ వార్తతో లోకమంతా హార్మోను మాత్రలంటే జడిసింది. ఆ ఖాళీలోకి "సహజమైనది, మొక్కల నుంచి తీసింది" అంటూ సోయా ఐసోఫ్లేవోన్ మాత్రలకు గిరాకీ పెరిగింది. మందుల షాపులో చీటీ లేకుండా కొనుక్కోవచ్చు. ఒక్క మాత్రలో యాభై మిల్లీగ్రాములు, వంద మిల్లీగ్రాములు. సోయాగా తినాలంటే రెండు మూడు గుప్పెళ్లు తినాలి, మాత్రగా అయితే ఒక్క గుక్కలో పోతుంది.

ముట్లుడిగిన ఆరోగ్యవంతులకు ఈ మాత్రల వల్ల రొమ్ముకు హాని కనిపించలేదని 2015లో ఐరోపా ఆహార భద్రతా సంస్థ లెక్కలన్నీ చూసి చెప్పింది. ఆవిర్లు కొందరికి కొంచెం తగ్గుతాయి కూడా. కానీ రొమ్ము క్యాన్సర్ వచ్చినవాళ్ల విషయంలో న్యూయార్క్‌లోని ఒక పెద్ద క్యాన్సర్ ఆస్పత్రి 2014లో ప్రచురించిన ఫలితం నన్ను ఆపుతుంది. ఆపరేషన్‌కు ముందు కొద్ది రోజులు 140 మందిలో సగం మందికి సోయా మాంసకృత్తుల పొడి ఎక్కువ మోతాదులో ఇచ్చారు. గడ్డలో కణాలు పెరిగే వేగం మారలేదు. అయితే రక్తంలో జెనిస్టీన్ బాగా ఎక్కువైన కొందరిలో, కణాన్ని పెంచే కొన్ని జన్యువులు మేలుకున్నట్టు కనిపించింది. అంతకుమించి ఏమీ జరగలేదు, కానీ ఆ మాత్రం చాలు. రొమ్ము క్యాన్సర్ వచ్చినవాళ్లూ, టామాక్సిఫెన్‌గానీ లెట్రోజోల్‌గానీ వాడుతున్నవాళ్లూ సోయా మాత్రలు, సోయా ప్రొటీన్ పొడులు తమంతట తాము కొనుక్కోకూడదు. జిమ్‌కు వెళ్లే కొడుకు సోయా పొడి డబ్బాలోంచి రెండు చెంచాలు పాలల్లో కలుపుకోవడం కూడా ఇందులోకే వస్తుంది. వారంలో రెండు మూడుసార్లు మీల్ మేకర్ కూర, ఒక గ్లాసు సోయా పాలు మాత్రం హాయిగా తీసుకోవచ్చు. కీమోలో నోరు చేదై, మాంసం వాసన పడక, ఒంట్లో కండ కరిగిపోతున్న రోజుల్లో మెత్తగా ఉడికించిన మీల్ మేకర్ నిజానికి పనికొచ్చే తిండి.

థైరాయిడ్ మాత్ర వేసుకునేవాళ్లకు ఒక మాట. సోయా ఆ మాత్రను పేగులో సరిగ్గా ఇంకనివ్వదు. మాత్ర పరగడుపున వేసుకుని, సోయా ఏదైనా నాలుగు గంటల తర్వాత తినండి.

సరే, ముప్పు పెంచేది సోయా కాకపోతే మరి ఏది? అండాశయాలు పని ఆపేశాక ఒంట్లో ఈస్ట్రోజెన్ పూర్తిగా పోదు. కొవ్వు దాన్ని తయారుచేస్తుంది. లెట్రోజోల్ మాత్ర ఆపేది ఆ తయారీనే. అంటే యాభై దాటిన మనిషి ఒంటి మీద పేరుకున్న కొవ్వు పగలూ రాత్రీ నడిచే ఈస్ట్రోజెన్ కార్ఖానా. అది చేసేది అసలు ఈస్ట్రోజెన్, పంక్తిలో నాలుగు మెతుకులు కెలికేది కాదు. 2019-21 కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆంధ్రప్రదేశ్ ఆడవాళ్లలో నూటికి 36 మంది ఉండాల్సిన బరువుకన్నా ఎక్కువ ఉన్నారు. కోతకు మిషను వచ్చింది, రుబ్బడానికి గ్రైండరు వచ్చింది, కాలవ గట్టు దాకా వెళ్లడానికీ స్కూటీయే. కంచంలో పాలిష్ పట్టిన అన్నం మాత్రం తాతల నాటి కొలతలోనే ఉంది. మీల్ మేకర్ మానేసి, ఆ చోట ఇంకో గరిటె అన్నం వడ్డించుకున్నావిడ జాగ్రత్తపడ్డట్టా, పడనట్టా?

బిడ్డకు పాలివ్వడం తల్లికి కూడా కాపు. 30 దేశాల్లో జరిగిన 47 అధ్యయనాలను కలిపి 2002లో లెక్క వేస్తే, పాలిచ్చిన ప్రతి ఏడాదికీ తల్లికి రొమ్ము క్యాన్సర్ ముప్పు 4.3 శాతం చొప్పున తగ్గింది. మూడో నెలకే డబ్బా పాలకు దిగే ఇళ్లలో ఈ సంగతి చెప్పేవాళ్లు ఉండటం లేదు. పిల్లలు పుట్టనివాళ్లూ, పాలు పడనివాళ్లూ ఇది విని కుమిలిపోవద్దు. ఇది సమాజం మొత్తం మీద వేసిన లెక్క, ఏ ఒక్కరి నుదుటి రాతా కాదు.

ఇంకా ఒకటుంది, ఇది తిండికి సంబంధించింది కాదు. 2022లో మన దేశంలో కొత్తగా 1 లక్షా 92 వేల మందికి రొమ్ము క్యాన్సర్ వచ్చిందనీ, 98 వేల మంది చనిపోయారనీ అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధనా సంస్థ అంచనా. వచ్చినవాళ్లకూ పోయినవాళ్లకూ మధ్య ఇంత తక్కువ తేడా ఉండటానికి పెద్ద కారణం, ఆలస్యంగా రావడం. గడ్డ చేతికి తగులుతుంది. నొప్పి ఉండదు. నొప్పి లేదు కదా అని ఊరుకుంటారు. అమ్మాయికి సంబంధాలు చూస్తున్నాం, తల్లికి క్యాన్సరంటే ఎవరొస్తారు, పెళ్లయ్యాక చూపించుకుందాం అని దాచిపెడతారు. అక్కకో వదినకో చెవిలో చెబుతారు, ఆవిడ ఆకు పసరో కట్టో చెబుతుంది. ఆర్నెల్లు గడుస్తాయి. ఆ ఆర్నెల్లూ మీల్ మేకర్ తినకుండా చాలా నిష్ఠగా ఉంటారు.

ముంబయి మురికివాడల్లో టాటా మెమోరియల్ ఆస్పత్రి 1998లో ఒక పరీక్ష మొదలుపెట్టింది. 35 నుంచి 64 ఏళ్ల ఆడవాళ్లు 1,51,538 మంది. సగం మందికి రెండేళ్లకోసారి, శిక్షణ పొందిన మామూలు ఆరోగ్య కార్యకర్తలు చేత్తో తడిమి చూశారు. యంత్రం లేదు, మామోగ్రామ్ లేదు, చేతులే. 2021లో ఇరవయ్యేళ్ల లెక్కలు ప్రకటించారు. గడ్డలు ముందు దశలోనే దొరికాయి. యాభై, ఆపై వయసువాళ్లలో రొమ్ము క్యాన్సర్ చావులు దాదాపు 30 శాతం తగ్గాయి. యాభై లోపువాళ్లలో అలా తగ్గలేదని కూడా అందులోనే ఉంది.

మన దగ్గర కూడా ముప్పై దాటిన ఆడవాళ్లందరికీ నోరు, రొమ్ము, గర్భాశయ ముఖద్వారం పరీక్ష చేయాలని జాతీయ కార్యక్రమంలో ఉంది. మీ ఊరి ఏఎన్ఎమ్మును అడగండి, ఆవిడ రాకపోతే మీరే ఆరోగ్య కేంద్రానికి వెళ్లండి. నొప్పి లేని గడ్డ, చంకలో బిళ్ల, చనుమొన లోపలికి లాక్కుపోవడం, దాన్నుంచి రక్తం రావడం, చర్మం నారింజ తొక్కలా గుంటలు పడటం, వీటిలో ఏది కనిపించినా ఆ వారంలోనే చూపించుకోండి. చాలా గడ్డలు క్యాన్సర్ కావు, కానీ అవునో కాదో ముక్క పరీక్షే చెప్పాలి. రిపోర్టు వచ్చాక ఈఆర్, పీఆర్, హెర్ టూ అని మూడు ఫలితాలు అందులో ఉన్నాయా అని అడిగి చదివించుకోండి. ఏ మందు పనిచేస్తుందో తేల్చేది ముఖ్యంగా ఆ మూడే.